తగరం డోలు మీద ఇనుప చక్రం

పొద్దున ఆరు కొట్టకముందే బడంగ్‌పేట చౌరస్తాలో కంపెనీ బస్సు ఆగుతది. టిఫిన్ డబ్బా పట్టుకుని, నిద్ర కండ్లతో పది పదిహేను మంది పోరగాండ్లు ఎక్కుతరు. అందులో మా గల్లీ పిలగాడు ఒకడున్నడు. ఉస్మానియాలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఫస్ట్ క్లాసు. మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు కెమిస్టు. ఎనిమిది గంటలు రియాక్టర్ ముందర నిలబడాలె. గంటకోసారి వేడి ఎంత, ఒత్తిడి ఎంత అని రిజిస్టర్‌లో రాయాలె. మొన్న చాయ్ కాడ నన్ను ఒక మాట అడిగిండు: "అన్నా, కెమిస్ట్రీ చదివినోడు రియాక్టర్ కాసుడు తప్ప ఇంకేం చేస్తడు?"

నేను కెమిస్ట్రీ చదివినోణ్ణి కాదు. కానీ ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఎందుకంటే అది కెమిస్ట్రీ ప్రశ్న కాదు. మన బతుకుల ప్రశ్న. మన నేల మీద ల్యాబులు ఉండి, మన పిల్లలు వాటి గోడల బయట బస్సు కోసం ఎందుకు నిలబడుతున్నరు అనే ప్రశ్న.

బడంగ్‌పేటలో ఉన్నోళ్లకు ఆ గోడలు కొత్త కాదు. మనకు కాంచన్‌బాగ్ పక్కనే. అక్కడ లోహాలను పరిశోధించే డీఎమ్మార్‌ఎల్ ఉన్నది, క్షిపణులను రూపొందించే డీఆర్‌డీఎల్ ఉన్నది. ఇటుపక్క రీసెర్చ్ సెంటర్ ఇమారత్. ఆ పేరు ఎక్కడిది? ఇమారత్ కంచ నుంచి వచ్చింది. కంచ అంటే మన పశువులు మేసిన బీడు. ఇప్పుడు దాని పేరు విజ్ఞాన కంచ. అటు నగరానికి పడమటి దిక్కు సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నది కంచ గచ్చిబౌలిలో. అదీ కంచనే. 1969 ఉద్యమం, ఆ తర్వాత వచ్చిన ముల్కీ గొడవలు, 1973 ఆరు సూత్రాల పథకం, వీటన్నిటి ఫలితంగా 1974లో ఆ యూనివర్సిటీ పుట్టింది. అంటే మన రక్తం, మన జాగ రెండూ అందులో ఉన్నయి. 2025లో అదే కంచలో 400 ఎకరాల చెట్ల మీదికి బుల్డోజర్లు వస్తే విద్యార్థులు అడ్డం నిలబడ్డరు. సుప్రీంకోర్టు ఆపమన్నది. కంచల మీద సైన్సు లేచింది, మంచిదే. ఆ సైన్సులో మన వాటా ఎంత అన్నదే లెక్క.

మా పిలగాడి ప్రశ్నకు జవాబుగా ఒక మనిషి సంగతి చెప్పాలనుకున్న. ఆయన పేరు వడపల్లి చంద్రశేఖర్. 1958లో కలకత్తాలో పుట్టిన తెలుగాయన. 1977లో మన ఉస్మానియా నుంచే ఎమ్మెస్సీ పట్టా తీసుకున్నడు. మా పిలగాడి పట్టా, ఆయన పట్టా ఒకే యూనివర్సిటీవి. అక్కడి నుంచి బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్. ఎస్.ఎస్. కృష్ణమూర్తి దగ్గర పరిశోధన చేసి 1982లో డాక్టరేట్. తర్వాత అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ, అక్కడ రాబర్ట్ హోమ్స్ దగ్గర పని. తిరిగొచ్చి వడోదరలో ప్రభుత్వ రంగ సంస్థ ఐపీసీఎల్‌లో కొద్దికాలం. 1987లో ఐఐటీ కాన్పూర్. 2003లో శాంతిస్వరూప్ భట్నాగర్ బహుమతి. ఆ తర్వాత భువనేశ్వర్‌లో నైసర్ డైరెక్టర్. చివరికి తిరిగి మన హైదరాబాద్‌కే వచ్చి, గోపన్‌పల్లిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ కేంద్రానికి డైరెక్టర్.

ఇంతకూ ఆయన చేసిన పని ఏంది? కర్బన లోహ సమ్మేళనాలు, అణు పదార్థాలు. పేరు వింటే పరీక్ష పేపరు గుర్తొస్తది గానీ, సంగతి మన ఇంటిదే.

లోహం, కర్బనం నేరుగా చేయి కలిపితే దాన్ని కర్బన లోహ సమ్మేళనం అంటరు. మన స్కూటర్లలో పోసిన పెట్రోలులో ఒకప్పుడు సీసం కలిపేటోళ్లు. అది అట్లాంటి సమ్మేళనమే. ఇంజన్ కొట్టుకోకుండా ఆపింది, పిల్లల మెదళ్లను మాత్రం దెబ్బతీసింది. 2000లో మన దేశం దాన్ని బందు పెట్టింది. జపాన్‌లో మినమాట ఊరి చేపలలోకి చేరి జనం నరాలను తినేసిన మిథైల్ పాదరసం కూడా ఈ కులానిదే. ఆ రోగం 1956లో బయటపడింది. ఇవి చెడ్డ చుట్టాలు. మంచి చుట్టాలూ ఉన్నరు. మన ఒంట్లో నెత్తురు పట్టాలంటే కావాల్సిన బీ12 విటమిన్‌లో కోబాల్ట్, కర్బనం చేయి కలిపి ఉంటయి. పల్లేడియం లోహం మధ్యవర్తిగా నిలబడి రెండు కర్బనాలను కలిపే పద్ధతికి 2010లో హెక్, నెగిషి, సుజుకిలకు నోబెల్ ఇచ్చిండ్రు. బీపీకి వేసుకునే లోసార్టాన్‌ను ఆ సుజుకి పద్ధతితో తయారు చేసిండ్రు. అంటే మా పిలగాడు రియాక్టర్ ముందర రాసే అంకెల వెనక ఈ కెమిస్ట్రీ ఉన్నది. ఆ అంకెలు ఎందుకు అట్ల ఉన్నయో వానికి ఎవ్వరూ చెప్పలేదు, అంతే.

చంద్రశేఖర్ బెంగళూరులో మొదలుపెట్టింది భాస్వరం, నత్రజని కలిసిన ఉంగరాలతో. అమెరికాలో పట్టుకున్నది తగరం. ఇత్తడి గిన్నెలకు కళాయి పోసేటోడు పూసే తగరమే అది. తగరానికి కర్బనం, ఆక్సిజన్ కలిపితే అది ఎట్లాంటి ఆకారం కడుతది అని చూసిండ్రు. ఒక దగ్గర నిచ్చెన. ఇంకొక దగ్గర డోలు. నిజంగనే డోలు: మూడు తగరాలు, మూడు ఆక్సిజన్లు కలిసి ఒక ఉంగరం పైన, అట్లాంటిదే ఇంకొకటి కింద, మధ్యలో బంధాలతో గట్టిగ బిగించిన పక్కలు. మన డోలుకు పైనా కిందా తోలు బిగించి తాళ్లతో లాగినట్టు. 1980ల నడుమ హోమ్స్ ల్యాబులో ఆ డోలు బయటపడింది.

అక్కడితో ఆగిపోతే ఒక పరిశోధనా పత్రం, ఒక ప్రమోషన్. ఆయన ఆగలేదు. ఆ డోలును మనసులో పెట్టుకుని కాన్పూర్ వచ్చిండు. 2000లో తన విద్యార్థులతో కలిసి ఆ డోలు చుట్టూ ఆరు ఫెర్రోసీన్లను కట్టిండు. ఫెర్రోసీన్ అంటే రెండు కర్బన ఉంగరాల నడుమ ఇరుక్కున్న ఇనుము. ఆరు ఇనుములు డోలు చుట్టూ చక్రం లెక్క నిలబడ్డయి. జర్మనీ నుంచి వచ్చే ఆంగెవాంటె కెమీ అనే పెద్ద పత్రికలో అది అచ్చయింది. శీర్షిక ఏందో తెలుసా? తగరం డోలు మీద ఇనుప చక్రం. మన కంసాలి, మన డోలు కొట్టేటాయన, మన బండి చక్రం ముగ్గురూ ఒక్క శీర్షికలో కనబడ్డట్టు అనిపించింది నాకు.

ఆ రెండింటి నడుమ ఎన్నేండ్లు? దగ్గర దగ్గర పదిహేను. ఇది గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తది.

మొదట నేర్చిన భాస్వరాన్ని కూడా ఆయన వదలలేదు. భాస్వరాన్ని నడిమధ్య పెట్టి, దానికి మూడు చేతులు కట్టి, ఆ చేతులతో లోహాలను వరుసగా పట్టించిండు. కోబాల్ట్, గాడోలినియం, మళ్లా కోబాల్ట్. ఇట్ల కట్టిన ఒక్కొక్క అణువే అయస్కాంతంలాగ పనిచేయగలదా అన్నది ఆ వెతుకులాట. ఇదే అణు పదార్థాల రంగం. మనం వాడే అయస్కాంతంలో కోట్ల కోట్ల పరమాణువులు కలిసి ఒక దిక్కు చూస్తయి. ఒక్క అణువే ఆ పని చేస్తే, గోరంత జాగలో ఒక గ్రంథాలయం పట్టేంత సమాచారం దాచొచ్చు. 1993లో పన్నెండు మాంగనీసుల అణువు ఒకటి ఆ గుణం చూపించింది. కానీ విపరీతమైన చలిలో, ద్రవ హీలియం దగ్గర్లోనే. 2018లో డిస్ప్రోసియం అనే లోహంతో కట్టిన ఒక కర్బన లోహ అణువు 80 కెల్విన్ దాకా ఆ గుణం నిలబెట్టుకున్నది. ద్రవ నత్రజని మరిగేది 77 కెల్విన్ దగ్గర. అంటే ఖరీదైన హీలియం లేకుండా పని నడిచే మెట్టు దాకా వచ్చిండ్రు. దానికి పట్టింది పాతికేండ్లు. ప్రపంచమంతా ఎన్నో ల్యాబులు తలా ఒక ఇటుక పెట్టినయి. అందులో మన దేశం ఇటుకలూ ఉన్నయి.

ఇక్కడ ఒక పెద్దమనిషి లేచి అడుగుతడు: "ఇవన్నీ సరే. డోలు, చక్రం, అయస్కాంతం. తిండికి ఏమొస్తది? ముందు కొలువులు చూడుండ్రి." న్యాయమైన ప్రశ్న. దాటేయొద్దు.

మన హైదరాబాద్ చుట్టూ మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలు ఎట్ల వచ్చినయి? ఆకాశం నుంచి రాలేదు. 1944లో నిజాం సర్కారు పెట్టిన పరిశోధనశాల తర్వాత రీజనల్ రీసెర్చ్ లేబొరేటరీ అయింది, ఇప్పుడు ఐఐసీటీ. బాలానగర్‌లో ప్రభుత్వం ఐడీపీఎల్ పెట్టింది. అంజిరెడ్డి ఐడీపీఎల్‌లో పనిచేసినంకనే 1984లో తన కంపెనీ పెట్టిండు. ఎ.వి. రామారావు ఐఐసీటీ డైరెక్టర్‌గా ఉన్నప్పుడు అక్కడి ల్యాబుల పద్ధతులు దేశీ కంపెనీలకు అందినయి. ప్రజల సొమ్ముతో పెరిగిన తెలివి మీదనే ప్రైవేటు కంపెనీలు లేచినయి. ఆ తర్వాత ఏమైంది? ఐడీపీఎల్ పడావు పడ్డది. చంద్రశేఖర్ కొంతకాలం పనిచేసిన ఐపీసీఎల్‌ను 2002లో కేంద్రం రిలయన్స్‌కు అప్పజెప్పింది. చెట్టు పండ్లు కోసుకున్నోళ్లు వేరుకు నీళ్లు పోయలేదు.

వేరుకు నీళ్లు పోయకపోతే ఇంకొక నష్టం ఉన్నది. అది మన చెరువులకు తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లు పరీక్ష చేసిండ్రు. ఆ కేంద్రానికి దాదాపు తొంభై మందుల కంపెనీల మురికి వచ్చేది. శుద్ధి చేసినమన్న ఆ నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ఆ మందు మింగిన రోగి నెత్తురులో ఉండేదానికంటే ఎక్కువ అది. ఇబ్రహీంపట్నం దిక్కు యాచారం రైతులు ఫార్మాసిటీ అంటే ఎందుకు భయపడి కోర్టుల చుట్టూ తిరిగిండ్రో ఇది తెలిస్తే అర్థమైతది. తప్పు కెమిస్ట్రీది కాదు. వంటకం కొనుక్కొచ్చి, వంటిల్లు శుభ్రం చేసే విద్య నేర్వనోళ్లది. పది కిలోల సరుకుకు వంద కిలోల మురికి పుట్టే పద్ధతిని మార్చి, మంచి ఉత్ప్రేరకంతో తక్కువ మెట్లలో అదే సరుకు తీసే పద్ధతి ఎవరు కనిపెడతరు? లోహం, కర్బనం ఎట్ల చేయి కలుపుతయో, ఎట్ల విడిపోతయో తెలిసినోడే. ఆ మనిషి మన దగ్గర తయారు కాకపోతే పద్ధతి బయట కొనాలె, మురికి మాత్రం మన చెరువుకు.

కాబట్టి తిండికి ఏమొస్తది అంటే, కొలువు వస్తది. రిజిస్టర్ రాసే కొలువు కాదు, పద్ధతి రాసే కొలువు. నీళ్లు కూడా మిగులుతయి.

ఇప్పుడు ఇంకొక మాట. మనకు ఒక అలవాటున్నది. పెద్ద పేరు వినబడంగనే "మనోడేనా?" అని అడుగుతం. ఏ జిల్లా, ఏ ఊరు, తాత ఎక్కడోడు. దగా పడ్డోళ్లం కాబట్టి ఆ అలవాటు వచ్చింది, సిగ్గుపడే పని లేదు. కానీ ఈ మనిషి విషయంలో ఆ ప్రశ్నకు విలువ లేదు. కలకత్తాలో పుట్టిండు, ఉస్మానియాలో చదివిండు, బెంగళూరు, అమెరికా, కాన్పూర్, భువనేశ్వర్ తిరిగిండు. ఆయన మనోడా కాదా అని పంచాయతీ పెట్టుకుంటే కాలం వృథా. అడగాల్సిన ప్రశ్న ఇది: 1977లో ఒక ఎమ్మెస్సీ విద్యార్థిని బెంగళూరు మెట్లు ఎక్కించగల శక్తి ఉస్మానియాకు ఉండె. ఈ రోజు ఉన్నదా?

1918లో పుట్టిన యూనివర్సిటీ అది. సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి మార్చుకోవడానికి ప్రత్యేకంగా అనువాద శాఖను నడిపిన గడ్డ. అట్లాంటి చోట ఇప్పుడు మంజూరైన అధ్యాపక పోస్టుల్లో సగానికి పైగా ఖాళీ. కాంట్రాక్టు సార్లు, పార్ట్‌టైమ్ సార్లు బండి లాగుతున్నరు. వాళ్లను తక్కువ చేసి మాట్లాడటం లేదు, వాళ్లు లేకపోతే క్లాసులే లేవు. కానీ వచ్చే ఏడు తన కొలువు ఉంటదో ఉండదో తెలియని మనిషి, పదిహేనేండ్లు పట్టే డోలును ఎట్ల మొదలుపెడతడు? ల్యాబు ఆయనది కాదు, గ్రాంటు ఆయన పేరు మీద రాదు, విద్యార్థిని పీహెచ్‌డీకి తీసుకునే అధికారం చాలాసార్లు ఉండదు. 2022లో అసెంబ్లీ యూనివర్సిటీల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు పాస్ చేసింది. 2023లో గవర్నర్ దాన్ని రాష్ట్రపతికి పంపిండ్రు. బిల్లు ఢిల్లీకి పోయింది, కుర్చీలు ఇక్కడ ఖాళీగా. రాష్ట్రం 2014 జూన్ 2న వచ్చింది. ఆ రోజు పుట్టిన పిల్ల రేపో మాపో కాలేజీకి వస్తది. ఆ పిల్లకు కెమిస్ట్రీ ఎవరు చెప్తరు?

సర్కార్లను తిట్టి చేతులు దులుపుకోవడం తేలిక. మన తప్పు కూడా మనం ఒప్పుకోవాలె. 2009 చలికాలంలో నేను ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నోళ్లలో ఒకణ్ణి. మాతో పాటు ఒక కెమిస్ట్రీ రీసెర్చ్ స్కాలర్ ఉండె. పగలంతా ఊరేగింపులో నినాదాలు ఇచ్చి, రాత్రి దొంగచాటుగా ల్యాబుకు పోయేటోడు. "ఎక్కడికి రా?" అంటే, "ఉద్యమానికి బందు ఉంటది, రియాక్షన్‌కు ఉండది" అనేటోడు. మేం నవ్వినం. వాణ్ణి ఎక్కిరించినం. నీళ్లు, నిధులు, నియామకాలు అని మేం లెక్కలు రాసుకున్నప్పుడు గ్రూప్ వన్ ఎన్ని, కానిస్టేబుళ్లు ఎన్ని, టీచర్లు ఎన్ని అని రాసుకున్నం. ల్యాబులు ఎన్ని, ఫెలోషిప్‌లు ఎన్ని, రీసెర్చ్ గైడ్లు ఎన్ని అని ఒక్క కాలమ్ కూడా పెట్టలేదు. వాడు మాకంటే ముందుచూపున్నోడని ఇప్పుడు తెలుస్తున్నది. ఆ లెక్క ఇప్పుడైనా తియ్యాలె.

అడగాల్సినవి నాలుగే నాలుగు.

ఒకటి, యూనివర్సిటీ అధ్యాపక పోస్టులు పర్మినెంటుగా నింపాలె. ఏండ్ల తరబడి కాంట్రాక్టు మీద చాకిరి చేసినోళ్ల అనుభవానికి విలువ కట్టి నింపాలె.

రెండు, రాష్ట్ర యూనివర్సిటీల్లో పీహెచ్‌డీ చేసే ప్రతి సైన్సు విద్యార్థికి బతకగలిగినంత ఫెలోషిప్ నెల నెలా చేతికి రావాలె. ఇంటికి పైసలు పంపాల్సిన పిల్లలు పరిశోధనకు రారు, బస్సు ఎక్కుతరు.

మూడు, తగరం డోలు ఆకారం తెలిసింది కంటితో చూసి కాదు. స్ఫటికం మీద ఎక్స్ కిరణాలు వేసి పరమాణువులు ఎక్కడున్నయో లెక్క కట్టే యంత్రంతో. అట్లాంటి ఖరీదైన యంత్రాలు కోట్లు పెడితే గానీ రావు. గచ్చిబౌలిలో, గోపన్‌పల్లిలో, తార్నాకలో ప్రజల సొమ్ముతో కొన్న యంత్రాలున్నయి. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మహాత్మాగాంధీ యూనివర్సిటీల విద్యార్థి తన నమూనా పట్టుకుని పోతే, సిఫారసు లేకుండా, వారం లోపల పరీక్ష చేసి ఇచ్చే ఏర్పాటు కావాలె. గేటు తెరవడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, మనసు కావాలె.

నాలుగు, మన భూమి, మన కరెంటు, మన రాయితీలు తీసుకునే మందుల కంపెనీలు ఇక్కడి యూనివర్సిటీల్లో పరిశోధనకు లాభంలో ఒక వాటా పెట్టాలె. దయతో ఇచ్చే విరాళంగా కాదు, రాయితీకి షరతుగా.

ఉద్యోగ సంఘాల అన్నలకు ఒక మాట. సకల జనుల సమ్మె చేసిన చేతులు మీవి. 2011లో 42 రోజులు జీతాలు వదులుకున్నది రాష్ట్రం కోసం, రేపటి పిల్లల కోసం. పీఆర్‌సీ కోసం సంఘం మీటింగు పెట్టినప్పుడు యూనివర్సిటీ ఖాళీల మీద కూడా ఒక తీర్మానం చెయ్యండి. మీ పిల్లలు అమెరికా పోయి ఎమ్మెస్ చేస్తే సరిపోదు. గల్లీలో ఉండిపోయిన పిల్లల సంగతి ఎవరు మాట్లాడాలె?

విద్యార్థులకూ ఒక మాట. చంద్రశేఖర్ బతుకులో మీరు నేర్వాల్సింది బహుమతులు కాదు. బెంగళూరులో నేర్చిన భాస్వరాన్ని, అమెరికాలో నేర్చిన తగరాన్ని కాన్పూర్ దాకా మోసుకొచ్చి, రెండింటినీ పదును పెట్టి, కొత్త లోహాలను కట్టిన ఓపిక నేర్వండి. 2005లో ఆయన పాలిమర్ల మీద పుస్తకం రాసిండు, ఎంతోమంది విద్యార్థులను డాక్టరేట్ దాకా నడిపించిండు. పరిశోధన అంటే ఒక్కడు గెలిచే పరుగు పందెం కాదు. కృష్ణమూర్తి చేతిలోంచి చంద్రశేఖర్ చేతికి, ఆయన చేతిలోంచి ఇంకెందరి చేతులకో మారిన దీపం. నడుమ ఒక్క తరం చేయి ఖాళీగా ఉంటే దీపం ఆరిపోతది. ఉస్మానియాలో ఇప్పుడు జరుగుతున్నది అదే.

నిన్న మళ్లా చాయ్ కాడ మా పిలగాడు కలిసిండు. ఈ కథంతా చెప్పిన. డోలు బొమ్మ గీసి చూపిస్తే, నా చేతిలో పెన్ను గుంజుకుని బంధాలు సరిచేసిండు. నేను తప్పు గీసిన. వాని కండ్లల్లో నిద్ర లేదు అప్పుడు. "నాకు గీ చాప్టర్ చెప్పిన సారు మధ్యలోనే పోయిండు అన్నా, కాంట్రాక్టు అయిపోయిందని. మిగిలింది నేనే చదువుకున్న" అన్నడు.

బస్సు హారన్ కొట్టింది. వాడు ఉరికిండు.

ఆ పిలగాడి తెలివికి కొదువ లేదు. కొదువ ఉన్నది ఆ చాప్టర్ పూర్తిగా చెప్పే సారు కుర్చీకి. ఆ కుర్చీ నింపమని అడగడానికి మళ్లా ఒక ఉద్యమం చెయ్యాల్సి వస్తే, సిగ్గుపడాల్సింది అడిగేటోళ్లు కాదు.